చెట్టు మీంచి పడింది బొమ్మే

సినిమా విడుదలైన రెండో రోజుకల్లా సత్తియ్యకు ఊళ్ళో కొత్త పేరు పడింది.

"ఏరా బొమ్మా, టీ తాగుతావా? చూసుకో మరి, లోపల పీచు తడిసిపోద్ది!" అన్నాడు టీ కొట్టు బెంచీ మీంచి కృపారావు.

బెంచీ మీదున్న నలుగురూ నవ్వారు. సత్తియ్య కూడా నవ్వాడు. వాళ్ళు ఆపేశాక కూడా కాసేపు నవ్వాడు. ఎత్తు బల్ల మీది గ్లాసును ఎడం చేత్తో అందుకున్నాడు. అతని కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదని ఆ కొట్టు దగ్గర ఎవరికీ తెలియదు.

ఎగతాళికి కారణం ఫోన్లలో తిరుగుతున్న ఒక వీడియో ముక్క. 'లంక కత్తి' అనే ఆ సినిమాలో, హత్య చూసిన సాక్షి ఒకడు జోరువానలో కొబ్బరిచెట్టెక్కి దాక్కోబోతాడు. విలన్ మనుషులు కింద నుంచి రాళ్ళు విసురుతారు. సాక్షి పడిపోతాడు. ఆ సాక్షి సత్తియ్య. హైదరాబాద్‌లో బన్నీ అనే కుర్రాడు యూట్యూబ్‌లో కొత్త సినిమాల గురించి మాట్లాడుతుంటాడు. అతను ఆ పడే ముక్కను మూడుసార్లు వెనక్కి తిప్పి చూపించాడు.

"ఫ్రెండ్స్, ఆ చెయ్యి చూడండి. మనిషి చెయ్యి అలా వంగుతుందా? బొమ్మలో గడ్డి గట్టిగా కూరడానికి కూడా బడ్జెట్ లేదు పాపం!"

లక్షలమంది చూశారు. ఒక వెబ్‌సైట్ ఐదుకు ఒకటిన్నర మార్కులు వేసి, చెట్టు మీంచి బొమ్మను విసిరిన తీరు చూస్తే ప్రేక్షకుల మీద దర్శకుడికున్న గౌరవం తెలుస్తుందని రాసింది. ఒక దినపత్రిక సమీక్షకుడు మాత్రం మర్యాదగా, సాంకేతికంగా ఇంకాస్త శ్రద్ధ పెట్టాల్సిందన్న ఒక్క వాక్యంతో వదిలేశాడు.

చెయ్యి అలా వంగిన మాట నిజం. అది బొమ్మ చెయ్యి కాదు.

సత్తియ్యకు నలభై మూడేళ్ళు. అప్పనపల్లి వెళ్ళే దారిలో ఇల్లు. పదహారో ఏట నుంచీ దింపు పనే. పాదాలకు తాడు బంధం వేసుకుని, నడుముకు కత్తి దోపుకుని చెట్టెక్కడం, ముదిరిన గెలలు కోసి దించడం, దిగి మరో చెట్టెక్కడం. ప్రతి తోటకూ రెండు నెలలకోసారి దింపు వస్తుంది. మేస్త్రీలు, యజమానులు అతన్ని పేరు పెట్టి పిలిపించుకునేవారు. ఎత్తు చెట్లంటే సత్తియ్యే. అతని చెయ్యి పడితే పిందె రాలదని చెప్పుకునేవారు.

ఆ పనిలో ఎక్కడా రాయని కట్టుబాటు ఒకటుంది. చెట్టు మీంచి పడ్డవాణ్ణి మళ్ళీ ఎవరూ తమ తోటలో చెట్టెక్కనివ్వరు. మళ్ళీ పడితే ఆ పాపం మనకెందుకన్న భయం కొంత, ఒకసారి చెట్టు వదిలిన మనిషి రెండోసారీ వదులుతాడన్న నమ్మకం కొంత. తిట్టరు, కసరరు. పిలవరు, అంతే. టీ కొట్టు దగ్గర కూర్చున్న కృపారావు ఎనిమిదేళ్ళ కిందట పడ్డాడు. గడ్డివామి మీద పడటం వల్ల ఒంటి మీద గీత కూడా పడలేదు. ఆ సాయంత్రమే లేచి సైకిలు తొక్కుకుంటూ ఇంటికెళ్ళాడు. ఆ మర్నాటి నుంచి ఇవాళ్టి వరకూ ఒక్క తోట కూడా అతన్ని పిలవలేదు. పీచు ఆరబోసే చోట పని దొరికితే వెళ్తాడు, లేకపోతే బెంచీ మీదే ఉంటాడు.

అందుకే తను పడలేదని ఊరు నమ్మడం సత్తియ్యకు కావాలి. ఊరు నమ్మింది. యూట్యూబ్ కుర్రాడు దానికి ముద్ర కూడా వేశాడు.

సినిమా తీసిన శివప్రసాద్‌ది కొత్తపేట. పదకొండేళ్ళు హైదరాబాద్‌లో సహాయ దర్శకుడిగా పనిచేసి, ఎవరూ అవకాశం ఇవ్వక, కువైట్‌లో ఉన్న బావమరుదుల చేత పెట్టుబడి పెట్టించి సొంత సినిమాకు దిగాడు. హీరో రామచంద్రపురంలో జిమ్ నడుపుకునే అబ్బాయి. ఫైట్లకు మాస్టర్ రెండు రోజులే వచ్చాడు. మిగతావి యూనిట్ వాళ్ళే కొట్టుకుని, కొట్టించుకుని పూర్తిచేశారు. చెట్టు సన్నివేశం కోసం పాయ అవతల లంకలో ఎవరిదో తోట అడిగి తీసుకున్నారు. పడవలో వెళ్ళాలి. అందుకే ఊళ్ళోవాళ్ళు చూడటానికి రాలేదు. సత్తియ్యతో వచ్చింది అతని జతగాడు, వరసకు బావమరిది అయిన అంజిబాబు ఒక్కడే.

సత్తియ్య ఎక్కడం వరకే. పడే షాట్ కోసం బొమ్మ తయారు చేసి పెట్టారు. సత్తియ్య కట్టుకున్న గళ్ళ లుంగీ లాంటిదే కట్టి, లోపల పీచు కూరి, చెట్టు పక్కన పడుకోబెట్టారు. ఎక్కడానికి ముందు పైపుతో చెట్టును తడపడం మొదలుపెట్టారు. తోటలోని బోదె కాలవలో మోటారు పెట్టి, ఆ నీళ్ళే వానలా చల్లుతున్నారు.

"తడి చెట్టు ఎవరూ ఎక్కరండి డైరెక్టర్ గారూ. వానొస్తే దింపు ఆపేస్తాం," అన్నాడు సత్తియ్య.

"ఎండలో మనిషిని చంపితే జనానికి జాలేయదు సత్తియ్య గారూ. సగం ఎక్కండి చాలు. మీకు ఇదో లెక్కా!"

"నేనైతే ఎక్కను బావా. నువ్వూ ఎక్కకు," అన్నాడు అంజిబాబు, అందరికీ వినిపించేలా.

ఎక్కనని సత్తియ్య కూడా అనవచ్చు. ఇరవై ఏడేళ్ళ అనుభవం అదే చెప్పింది. కానీ షూటింగ్ జరిగిన ఆ మూడు రోజులూ యూనిట్ వాళ్ళు అతనికి కుర్చీ వేశారు. మైకులో "సత్తియ్య గారూ, రెడీయా అండి" అని పిలిచారు. చంటిపిల్లాణ్ణి కూడా అండీ అని పలకరించే ఆ ప్రాంతంలో, సత్తియ్య పేరు చివర గారు తగిలించి పిలిచినవాళ్ళు అంతకుముందు లేరు. నలభైమంది చూస్తున్నారు. అతను బంధం వేసుకుని ఎక్కాడు. సగం కాదు, తన అలవాటు కొద్దీ మూడొంతులు ఎక్కాడు.

పాదం జారినప్పుడు బంధం బెరడును పట్టుకోలేదు. బోదెలో నీళ్ళన్నీ మోటారు లాగేయడంతో అడుగున మోకాలి లోతు బురద మిగిలింది. సత్తియ్య కుడిభుజం మీద ఆ బురదలో పడ్డాడు. గట్టు మీద పడి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. కెమెరాలు రెండూ తిరుగుతూనే ఉన్నాయి.

అమలాపురంలో ఎముకల డాక్టరు భుజం సరిచేసి కట్టు కట్టాడు. చెయ్యి మునుపటిలా పైకి లేవకపోవచ్చని చెప్పాడు. ఖర్చంతా శివప్రసాదే పెట్టుకున్నాడు, మూడు రోజులు మంచం పక్కన కూర్చున్నాడు కూడా. నాలుగో రోజు మెల్లగా అడిగాడు, ఆ షాట్ వాడుకోవచ్చా అని.

"వాడుకోండి. బొమ్మని చెప్పండి," అన్నాడు సత్తియ్య.

"ఒట్టు. బొమ్మనే చెప్తాను."

ఊళ్ళో బైకు మీంచి పడ్డానని చెప్పుకున్నాడు. రెండున్నర నెలలు ఇంట్లో ఉన్నాడు. తర్వాత అంజిబాబుతో ఒక ఏర్పాటు చేసుకుని మళ్ళీ దింపుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఎత్తు చెట్లు అంజిబాబు ఎక్కుతాడు. పొట్టి చెట్లు, ఏటవాలుగా ఒరిగిన చెట్లు సత్తియ్య చూసుకుంటాడు. యజమానులు గట్టు మీద ఉంటే ఇద్దరూ తోట చివరి నుంచి మొదలుపెడతారు. అలా మూడు దింపులు గడిచాయి. అప్పుడు సినిమా వచ్చింది.

నాలుగు రోజుల్లో థియేటర్ల నుంచి సినిమా తీసేశారు. ఐదో రోజు మధ్యాహ్నం శివప్రసాద్ సత్తియ్య ఇంటి ముందు బైకు ఆపాడు. గడ్డం పెరిగింది. సత్తియ్య భార్య బేబి ఇచ్చిన మంచినీళ్ళు గ్లాసు చేతిలో పట్టుకునే కూర్చున్నాడు, తాగలేదు.

"చూసేవా సత్తియ్యా, ఆ కుర్రాడు ఏం వాగేడో?"

"చూసేనండి. ఊరంతా చూసేరు."

"సినిమా బాలేదంటే పడతాను. హీరోకి నటన రాదంటే ఒప్పుకుంటాను, నాకూ తెలుసు. కానీ సినిమా మొత్తంలో అబద్ధం లేని షాట్ అదొక్కటే. దాన్ని పట్టుకుని నన్ను మోసగాడంటున్నారు." గ్లాసు కింద పెట్టాడు. "రెండో కెమెరాలో మొత్తం ఉంది. నువ్వు అమ్మా అనడం, మేం పరిగెత్తడం, నిన్ను బురదలోంచి లాగడం. ఆదివారం అమలాపురంలో ప్రెస్ మీట్ పెట్టేను. అది చూపిస్తే ఇదే నోళ్ళు మెచ్చుకుంటాయి. ఓటీటీ వాళ్ళు కూడా అడుగుతున్నారు."

"ఒట్టేసేరండి తమరు."

"వేసేను. అందుకే అడగటానికొచ్చేను. నువ్వు సరేనంటేనే వేస్తాను. మొహం కనపడకుండా చేయిస్తా."

"లుంగీ కనపడదా అండీ? గొంతు వినపడదా? ఆ చెట్టు పక్కన అంజిబాబు నిలబడ్డాడు, వాడు కనపడడా?"

అంతవరకూ గుమ్మం దగ్గర నిలబడ్డ బేబి లోపలికొచ్చింది.

"వేసేయండి డైరెక్టర్ గారూ. వేసేయండి. రెండున్నర నెలలు అన్నం కలిపి ముద్దలు పెట్టేను ఈయనకి. వీధిలో ఆడాళ్ళు, మీ ఆయన బొమ్మంట కదా అని నవ్వుతుంటే పళ్ళు బిగించుకుని వస్తన్నాను. బొమ్మకా నేను ముద్దలు పెట్టింది?"

"నువ్వూరుకోవే," అన్నాడు సత్తియ్య.

"ఎందుకూరుకోవాలి? పడ్డావని తెలిస్తే ఎక్కనివ్వరు. ఎక్కనివ్వకపోతే బతుకుతావు. ఆ చేత్తో ఎన్నాళ్ళు ఎక్కుతావు? ఇంకోసారి బురదుంటాదా కింద?"

"ఎక్కకపోతే నేనేంటి? పొద్దున్నే ఎల్లి కృపారావు పక్కన కూర్చోనా?"

"కూర్చో. కూర్చుని ఉంటావు కదా!"

శివప్రసాద్ ఇద్దర్నీ చూసి లేచాడు. ఆదివారం రమ్మన్నాడు. వచ్చి తన పక్కన కూర్చుంటే చాలన్నాడు. చెప్పాలనిపిస్తే చెప్పు, లేదంటే లేదు, వీడియో మాత్రం నువ్వు అననిదే వేయనన్నాడు. రానని అనడానికి సత్తియ్యకు నోరు రాలేదు. ఆసుపత్రిలో మూడు రోజులు మంచం పక్కన కూర్చున్న మనిషి.

ప్రెస్ మీట్ ఒక హోటల్ మేడ మీది హాల్లో. శివప్రసాద్ వేదిక మీద కుర్చీలు వేయించి, ఈ ప్రాంతపు పెద్దలని కొందర్ని పిలిచాడు. సత్తియ్య మెట్లెక్కి లోపలికొచ్చి చూస్తే, తన కుర్చీకి రెండు కుర్చీల అవతల అమ్మిరాజు గారు కూర్చుని ఉన్నారు. సత్తియ్య ఏడాది పొడుగునా ఎక్కే చెట్లలో సగం అమ్మిరాజువే. ఆయన మంచి మనిషి. మనుషుల్ని తిట్టడు, కూలి ఆపడు. కృపారావు పడింది ఆయన తోటలోనే. పడ్డ మర్నాడు బియ్యం బస్తా పంపించాడు. పిలవడం మాత్రం అప్పటి నుంచే మానేశాడు.

"రారా సత్తియ్యా, నువ్వూ పెద్ద స్టారైపోయేవు!" అన్నాడు అమ్మిరాజు.

"ఆయ్," అన్నాడు సత్తియ్య.

విలేకరులు పదిమంది దాకా వచ్చారు. ఫోన్లు స్టాండ్లకు బిగించి లైవ్ పెట్టారు. శివప్రసాద్ ల్యాప్‌టాప్ తెరిచి ముందు పెట్టుకున్నాడు. విమర్శలు చిన్న సినిమాలను ఎలా చంపుతున్నాయో ఓ పావుగంట మాట్లాడాడు. చెట్టు షాట్ సంగతికొచ్చేసరికి సత్తియ్య వైపు తిరిగాడు. దాని గురించి చెప్పాల్సినవాళ్ళు చెబితేనే బావుంటుందని మాత్రం అన్నాడు.

ముందు వరసలోని విలేకరి వెంటనే అందుకున్నాడు. "చెట్టెక్కింది మీరే కదండీ? సూటిగా చెప్పండి. మీరు నిజంగా పడ్డారా, బొమ్మా?"

మైకు సత్తియ్య ముందుకొచ్చింది. శివప్రసాద్ చెయ్యి ల్యాప్‌టాప్ మీద ఉంది. అవతల అమ్మిరాజు కుర్చీలో ముందుకు వంగి, నవ్వుతూ ఇటే చూస్తున్నాడు. పడ్డానని చెబితే ఆ నవ్వు అలాగే ఉంటుందని, అయ్యో అంటాడని, రేపు బియ్యం కూడా పంపుతాడని సత్తియ్యకు తెలుసు. కుర్చీలో కూర్చుని చెట్టు మీద కంటే ఎక్కువ భయపడటం అతనికదే మొదలు.

"బొమ్మేనండి," అన్నాడు.

"పక్కాయేనా?"

"బొమ్మేనండి. పీచు కూరేరు. నేను చూసేను. ఇరవయ్యేడేళ్ళనుంచి చెట్లెక్కుతున్నానండి, నేనెందుకు పడతాను?"

హాలంతా నవ్వు. అమ్మిరాజు అందరికంటే గట్టిగా నవ్వి, బల్ల చరిచాడు. "అలా చెప్పరా! మావాడు పడ్డమేంటి!" ఆ మాటా లైవ్‌లో వెళ్ళిపోయింది. శివప్రసాద్ రెండు క్షణాలు సత్తియ్య మొహంలోకి చూసి, ల్యాప్‌టాప్ మూశాడు. మిగతా ప్రశ్నలకు అవునండి, కాదండి అని ముగించాడు. సాయంత్రానికల్లా ఒక ఛానెల్, బొమ్మేనని సొంత నటుడే ఒప్పుకున్నాడని శీర్షిక పెట్టి వేసేసింది.

మెట్ల దగ్గర శివప్రసాద్ ఆగాడు.

"నా సినిమాని చంపేసేవు సత్తియ్యా."

"తమరు నన్ను చంపబోయేరు కదండీ. నేనేమైనా అన్నానా?"

శివప్రసాద్ కిందికి దిగిపోయాడు. ల్యాప్‌టాప్, సంచీలు సర్దుకుని అదే వారంలో హైదరాబాద్ వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది. ఆ వీడియోను ఎక్కడా పెట్టలేదు. మాట మీద నిలబడ్డాడు.

గెలిచానన్న సంతోషం సత్తియ్యకు హోటల్ మెట్లు దిగేవరకే మిగిలింది. కారెక్కబోతూ అమ్మిరాజు వెనక్కి తిరిగి పిలిచాడు.

"ఎల్లుండి మనింట్లో దింపురా. మా బావగారు వాళ్ళు భీమవరం నుంచి వస్తున్నారు. సినిమాలో మనిషి ఎక్కుతుంటే చూడాలంట, ఒకటే గోల. ఈసారి పెరటి వైపు ఎత్తు చెట్లు నువ్వే ఎక్కాలి. ఈమధ్య ఎప్పుడు చూసినా అంజిబాబే ఎక్కుతున్నాడు, నువ్వేమో పొట్టివి పట్టుకుని తిరుగుతున్నావు. స్టారువైపోయేక బద్ధకం వచ్చిందేంట్రా?"

"అబ్బే, అదేం లేదండి. ఎక్కుతానండి."

"ఆయ్! అదీ మాటంటే."

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి అమ్మిరాజు పెరట్లో కుర్చీలు వేశారు. భీమవరం చుట్టాలు ఎనిమిదిమంది, ఆడవాళ్ళు కాఫీ గ్లాసులతో, మగవాళ్ళు ఫోన్లతో. సత్తియ్య మొదటి చెట్టును కౌగిలించుకున్నాడు. కిందిభాగం కాళ్ళ బలంతోనే ఎక్కాడు. నడిమధ్యకొచ్చేసరికి కుడిభుజం బిగుసుకుంది. చేతిని పైకి చాచడానికి బదులు గడ్డం చెట్టుకు ఆనించి, ఒంటిని పైకి జరుపుకుంటూ పోయాడు. మామూలుగా ఎక్కే సమయానికి రెండింతలు పట్టింది. కింద వాళ్ళు అదంతా విన్యాసం అనుకున్నారు.

"చూసేరా, నిదానంగా ఎలా ఎక్కుతున్నాడో! కావాలనే చేస్తున్నాడు, మీరు వీడియో తీసుకుంటున్నారని," అన్నాడు అమ్మిరాజు.

చెట్టు తల మీది మొవ్వు దగ్గరకు చేరాక ఎడం చెయ్యి మట్ట మీద వేసి, కుడిచేత్తో కత్తి లాగాలి. అది కుదరలేదు. కుడి చంకలో మట్టను ఇరికించుకుని, కత్తి ఎడం చేతికి మార్చుకున్నాడు. మొదటి దెబ్బ తొడిమకు తగల్లేదు. రెండోది తగిలింది. గెల కిందపడిన చప్పుడుకు చుట్టాలు చప్పట్లు కొట్టారు.

"ఇటు చూడు సత్తియ్యా, ఇటు! ఫొటో!"

పనిలో ఉండగా కిందికి చూడకూడదు. చూశాడు.

దిగేసరికి బనియను అంతా తడిసి, గడ్డం దగ్గర చర్మం లేచి రక్తం కారుతోంది. అంజిబాబు చెంబుతో నీళ్ళు తెచ్చిస్తూ, చెవి దగ్గర అన్నాడు.

"ఇంక ఆపెయ్ బావా. నేను చెప్తాను ఆయనకి."

"ఏం చెప్తావు?"

అంజిబాబు చెంబు తీసుకున్నాడు. పడ్డాడని చెప్పాలి, లేకపోతే చేతకాదని చెప్పాలి. రెంటిలో ఏది చెప్పినా వచ్చే దింపుకి పిలుపు ఉండదు. ఏదీ చెప్పకపోతే ఈ వరస చివరిదాకా ఎక్కాలి.

"ఏరా, అయిపోయిందా ఊపిరి?" అమ్మిరాజు పంచె పైకి దోపుకుని అప్పటికే రెండో చెట్టు మొదట్లో నిలబడ్డాడు. చెట్టు ఎత్తు చుట్టాలకు చేత్తో చూపిస్తున్నాడు. "మొన్న ప్రెస్సువాళ్ళ ముందు ఏమన్నాడో తెలుసా? నేనెందుకు పడతానండీ అన్నాడు! మళ్ళీ అనరా ఓసారి, మా అక్కయ్య వింటాదంట."

సత్తియ్య బురద అంటిన బంధాన్ని లుంగీ అంచుతో తుడుచుకున్నాడు.

"నేనెందుకు పడతానండీ," అన్నాడు.

బంధం పాదాలకు వేసుకుని చెట్టుకు చేతులు చుట్టాడు. పెరటి వైపు వరసలో ఇంకా ఇరవై ఆరు చెట్లు ఉన్నాయి.